ఒత్తు

సఖినేటిపల్లి రేవులో నాదొక డబ్బా కొట్టు.
రీఛార్జీలు, పగిలిన అద్దాలు, ఛార్జింగు వైర్లు.
వశిష్ఠ కవతల నర్సాపురం;
పంటు వచ్చిందంటే బేరం, పోయిందంటే ఈగలు.

లోవరత్నానికి ఫోను అమ్మింది నేనే.
పీతల బుట్ట దింపి, తడి చెయ్యి చీరకి తుడిచి
"నాకు అచ్చరం ముక్క రాదు బాబూ" అంది.
"అక్షరాలెందుకమ్మా ఇంకా?
ఇదిగో మైకు బొమ్మ. నొక్కు, అడుగు.
నోరుంటే చాలు" అన్నాను,
ఆ ఫోను నేనే తయారుచేసినంత గొప్పగా.

నోరు లేకపోవడమా ఆవిడకి!
గాలివానలో అవతలి గట్టు పడవని పిలిచే నోరు.

"పోటెప్పుడే?" అనడిగింది మొదటిరోజు.
ఫోను గొంతు సవరించుకుని
గుండెపోటు లక్షణాలు చదివింది.
"పాటెప్పుడు?" అంటే పాట పెట్టింది.
రేవు రేవంతా నవ్వింది, అందరికంటే ముందు ఆవిడే.
"పట్నం పిల్ల, ఏటి మాట తెలీదు" అని
"ఏట్లో నీళ్ళు పైకెప్పుడొస్తాయండీ" అంటూ
తన నాలికనే కాస్త వంచుకుంది.
నెల తిరిగేసరికి
అంతర్వేదిలో పీత ధర, వాయుగుండం కబురు,
కోడలి ఊరికి బస్సు, అన్నీ అరిచి తెలుసుకునేది.
పంటులో వాళ్ళందరికీ కూడా తెలిసిపోయేవి.
అదీ లాభమే అనుకున్నాను అప్పట్లో.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం
పంటు వెళ్ళిపోయినా తను మిగిలిపోయింది.
"బాబూ, 'గ' ఎలాగుంటది?"
"ఏం కావాలమ్మా? మైకు నొక్కి..."
"గ" అంది. అంతే.

బిల్లు పుస్తకం వెనక రాసి చూపించాను.
మర్నాడు 'చ', 'ప'.
చేప అని రాసుకుంటుందేమో అనుకున్నాను.
తర్వాత 'ర'. రెండ్రోజులాగి 'మ', 'ల'. మధ్యలో 'య', ఎందుకో.
కొమ్మంటే ఏది, ఓత్వం ఎటు తిరుగుతుంది,
తలకట్టు ఎప్పుడు ఊడుతుంది.
బతికున్న పీతకి పురికొస కట్టినట్టు
ఒక్కొక్కదాన్నీ కట్టి పట్టుకుపోయేది.
నా ముందు మాత్రం
ఏ రెండిటినీ పక్కపక్కన ఉంచలేదు.

శుక్రవారం 'డ'.
"దీని కింద మళ్ళీ ఇదే రావాలంటే?"
"ఒత్తివ్వాలమ్మా. ఇదిగో, ఇక్కడ ఒత్తు."
"ఒత్తితే..." అని ఆగింది.
ఎడమ చెయ్యి పైట దాకా వెళ్ళి
దారి తప్పినట్టు వెనక్కొచ్చింది.
"ఒత్తితే నొప్పేం ఉండదు" అంది
ఫోను వంకే చూస్తూ.

ఆ రాత్రి కొట్టు మూసి, బిల్లు పుస్తకం తిరగేశాను.
చేపలో పట్టేవి పక్కకి తీసి
మిగిలినవాటిని వరస కట్టబోయాను.
సగంలో వేలు ఆగిపోయింది,
ఎవరి మూటో విప్పుతున్నట్టు.
లైటార్పేశాను.

రెండు గదులు. మామ, మరిది, మీసాలొచ్చిన కొడుకు,
పక్కింటికీ తనకీ మధ్య తాటాకు దడి.
ఆ ఇంట్లో మైకు నొక్కి
ఏ మాటని పైకి అంటుంది?
నోరుంటే చాలన్నవాణ్ణి,
చుట్టూ చెవులెన్నో లెక్కపెట్టలేదు.

శ్రావణమంతా కనబడలేదు.
భాద్రపదంలో పంటు దిగింది.
బుట్ట లేదు. కాకినాడ ఆసుపత్రి చీటీలతో
ఒక ప్లాస్టిక్ సంచి. తలకి గట్టిగా చుట్టిన తువ్వాలు.
కొట్టు ముందు నిలబడి, రేవంతా వినేలా
"పోటెప్పుడే?" అంది, వంచని నాలికతో.
అది మళ్ళీ గుండెపోటు అందుకుంది.
ఎవరో నవ్వారు. తనూ నవ్వింది.

జనం పలచబడ్డాక బల్ల మీద కూచుని
బొటనవేలితో చాలాసేపు ఏదో వెతుక్కుంది,
పెదాలైనా కదలకుండా.
తలెత్తి
"బాబూ, 'క్ష' ఎలాగుంటది?"

రాశాను.
ఈసారి ఆ కాగితం చింపి తనకే ఇచ్చేశాను.